సంతోషం కోసం రోజువారీ అలవాట్లు: నా విషయంలో ఏవి నిలిచాయంటే

రోజూ చేసే చిన్న చిన్న పనులతో జీవితం నిజంగా సంతోషంగా మారుతుందా అని అడిగారు. ఏది మొదలుపెట్టినా వారం దాటడం లేదని, ఈమధ్య ఏదీ చేయబుద్ధి కావడం లేదని కూడా రాశారు. ముందు ఆ వారం సంగతి చూద్దాం.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందనే మాట అందరం వినే ఉంటాం. దాన్ని పట్టించుకోకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని ఆలోచించకుండా చేసేసే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చింది ఈ ఒక్క మాటే. మనలో చాలామంది ఓడిపోయేది ఆ తప్పిన రోజున కాదు, మర్నాడు "ఇంక మన వల్ల కాదులే" అనుకున్నప్పుడు.

నేను కొత్త పనికి విడిగా టైమ్ పెట్టుకోను. ఎలాగూ చేసే పనికి దాన్ని తగిలిస్తాను. "సాయంత్రం కాసేపు నడవాలి" అనుకుంటే ఆ సాయంత్రం ఎప్పటికీ రాదు. "ల్యాప్‌టాప్ మూయగానే చెప్పులేసుకోవాలి" అనుకుంటే మాత్రం కాళ్లు వాటంతటవే కదులుతాయి. ఓపిక లేని రోజు వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తాను. అదీ లెక్కలోకే వస్తుంది.

ఆ నడకలోనే ఎవరో ఒకరికి ఫోన్ చేస్తాను. నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన అలవాటు ఇదే. మొదట్లో పాత స్నేహితుడొకడు ఫోనెత్తగానే "ఏమైందిరా, అంతా బాగానే ఉందా?" అని కంగారుపడ్డాడు. పనిపడితే తప్ప ఫోన్ చేయని రోజులు కదా! "ఏం లేదు, ఊరికే చేశాను" అంటే నమ్మడానికి కాసేపు పట్టింది. ఇప్పుడు నేను చేయకపోతే వాడే చేసి తిడుతున్నాడు. హార్వర్డ్‌లో 1938 నుంచి నడుస్తున్న ఒక అధ్యయనం చెప్పేదీ దాదాపు ఇదే: దగ్గరి మనుషులతో మంచి సంబంధాలున్నవాళ్లే పెద్ద వయసులో ఎక్కువ ఆరోగ్యంగా, ఆనందంగా ఉన్నారని. అది మగవాళ్లతోనే మొదలైన అధ్యయనం, నిజమే. అయినా ఈ విషయంలో ఆడా మగా తేడా పెద్దగా ఉంటుందని నేననుకోను.

రెండోది, రాత్రి ఫోన్‌ను పక్క గదిలో ఛార్జింగ్ పెట్టడం. అలారం కోసం ఒక మామూలు గడియారం కొన్నాను. కొన్నాళ్లపాటు మెలకువ రాగానే చెయ్యి దానంతటదే దిండు కింద వెతికేది. దొరక్కపోయేసరికి లేచి కిటికీ తెరిచేవాణ్ణి. లోకంలోని టెన్షన్లన్నీ అందే ముందు కాసేపైనా మన కోసం మిగలడం చిన్న విషయం కాదు.

రోజూ కృతజ్ఞతలు రాసుకునే డైరీ నాకు కుదరలేదు. ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం అంటూ హాజరు వేసినట్టు అవే రాసేవాణ్ణి. సోన్యా లుబోమిర్‌స్కీ అనే మనస్తత్వవేత్త బృందం చేసిన ఒక ప్రయోగంలో వారానికి ఒకసారి రాసినవాళ్లలో సంతోషం పెరిగింది, మూడుసార్లు రాసినవాళ్లలో పెరగలేదు. ఇప్పుడు వారానికోసారే, ఆ వారం నాకు సాయపడిన ఒక మనిషి గురించి రాస్తున్నాను. ఒక్కోసారి అదే వాళ్లకు మెసేజ్ పెట్టేస్తాను.

తెల్లవారుజామున లేవడమంటారా, రాత్రి త్వరగా పడుకోగలిగితేనే చేయండి. నిద్ర తగ్గించుకుని తెచ్చుకున్న ఉదయం చిరాకే మిగులుస్తుంది.

ఇక ఏదీ చేయబుద్ధి కావడం లేదన్నారు కదా. అది రెండు వారాలకు మించి ఉండి, నిద్రా ఆకలీ కూడా మారి ఉంటే ఈ అలవాట్ల జాబితా పక్కన పెట్టండి. ముందు డాక్టరును గానీ కౌన్సెలర్‌ను గానీ కలవండి.