ఖాళీ జరిగితే పుట్టిన పదాలు

"ఇంగ్లీషులో మీకు వింతగా తోచిన పదాలు ఏవి, అవి ఎలా పుట్టాయి?" అని అడిగారు. ఈ ప్రశ్నకు చాలామంది నోరు తిరగని పొడవాటి పదాలు చెబుతారు. నాకు వాటి మీద మోజు లేదు. పొరపాటున పుట్టి, ఏమీ ఎరగనట్టు నిఘంటువులో కూర్చున్న పదాలంటేనే ఇష్టం. పన్నెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నందువల్ల కావచ్చు.

ఒకసారి న్యాయ విషయాల పుస్తకంలో "ఆ విడాకులు చెల్లవు" అనే చోట ఖాళీ ఎగిరిపోయి "ఆవిడాకులు చెల్లవు" అని అచ్చయింది. దిద్దింది నేనే. "ఏ ఆకులండీ?" అని ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. చాలా రోజులు తలెత్తుకోలేకపోయాను. డోర్డ్ కథ చదివాక గానీ మనసు కుదుటపడలేదు.

1934లో వెలువడిన వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువు రెండో కూర్పులో 'డోర్డ్' అనే పదం ఉంది. అర్థం సాంద్రత. అలాంటి పదం ఇంగ్లీషులో ఎన్నడూ లేదు. 1931 జూలైలో రసాయనశాస్త్ర సంపాదకుడు ఆస్టిన్ ప్యాటర్సన్ ఒక చీటీ పంపారు. సాంద్రతకు గుర్తుగా పెద్ద డీ గానీ చిన్న డీ గానీ రాయవచ్చని దాని సారాంశం. పెద్ద డీ, నడుమ 'లేదా' అనే అర్థమిచ్చే 'ఆర్', చివర చిన్న డీ. నిఘంటువులోకి ఎక్కించే పదాలను అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ వదిలి టైపు చేయడం అక్కడి ఆనవాయితీ. దాంతో ఆ మూడు ముక్కలూ ఒకే పదంలా కనిపించాయి. సంక్షిప్తాల కట్టలో పడవలసిన చీటీ పదాల కట్టలో పడింది. తరువాత ఎవరో దాన్ని నామవాచకం చేసి, ఉచ్చారణ కూడా తగిలించారు! చివరికి 1939 ఫిబ్రవరిలో ఒక సంపాదకుడు గమనించారు: అన్నీ ఉన్నాయి, వ్యుత్పత్తి ఏదీ? అలా పట్టుబడింది.

డోర్డ్ దొరికిపోయింది, కలిసిపోయినవి ఎన్నో. 'ఏప్రన్' పాత రూపం 'నాప్రన్'. 'ఎ నాప్రన్' అని పలకగా పలకగా 'యాన్ ఏప్రన్' అయింది. నకారం ఒక అడుగు వెనక్కి వేసిందంతే. 'నిక్‌నేమ్'ది ఎదురు నడక. వెనకటి ఇంగ్లీషులో 'ఈక్' అంటే అదనం. 'యాన్ ఈక్‌నేమ్' కాస్తా 'ఎ నీక్‌నేమ్' అయింది. అంటే కొసరు పేరు.

ఆరెంజ్‌ను కూడా ఈ వరుసలో కలిపేవారున్నారు. నేనైతే కలపను. సంస్కృత నారంగం పారశీకం, అరబ్బీ దాటి ఐరోపా చేరాక, ఇంగ్లీషు గడప తొక్కకముందే ఆ నకారం రాలిపోయింది. ఆ తప్పు ఇంగ్లీషు ఖాతాలో వేయడం అన్యాయం. మన నారింజ మాత్రం దాన్ని భద్రంగా దాచుకుంది.

అన్నిటికంటే నాకు నవ్వు తెప్పించేది సిలబస్. రోమన్ వక్త సిసెరో తన ఉత్తరాల్లో, గ్రంథపు చుట్టలకు అంటించే పేరు చీటీలకు 'సిట్టిబా' అనే గ్రీకు మాట వాడాడు. 15వ శతాబ్దపు అచ్చు ప్రతుల్లో అది తప్పుగా పడి 'సిల్లబస్' పుట్టుకకు దారితీసింది. పరీక్షల ముందు అందరినీ హడలగొట్టేది ఒక అచ్చుతప్పు!

డోర్డ్ పుణ్యమా అని, నిఘంటువు తెరిస్తే అర్థం కంటే ముందు వ్యుత్పత్తి చూడటం అలవాటైంది. ఒకరోజు 'బ్యాండికూట్' దగ్గర "తెలుగు, పందికొక్కు" అని చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాను. మనం అలా పిలిచేది పెద్ద ఎలుకను. ఇంగ్లీషువారు ఆ పేరును ఆస్ట్రేలియా దాకా మోసుకెళ్లి, సంచిలో పిల్లలను పెంచే, ఎలుకలతో ఏ చుట్టరికమూ లేని మరో జంతువుకు తగిలించారు. పందికొక్కును దగ్గరగా చూసినవాళ్లెవరూ ఆ పని చేసి ఉండరని నా అనుమానం.