చుక్కల మందు వేసే మనిషి

ప్రశ్న: నాకు 62 ఏళ్ళు, మాది రాజమహేంద్రవరం. మావారు గవర్నమెంటు టీచరుగా రిటైరయ్యారు, పోయి ఏడేళ్ళయింది. వచ్చే ఫ్యామిలీ పెన్షనే నాకు ఆధారం. ఇల్లు ఆయన పేరు మీదే ఉంది, వీలునామా రాయలేదు. అబ్బాయి అమెరికాలో, అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటారు. పొద్దున గోదావరి గట్టు మీద నడకకి వెళ్ళేటప్పుడు ఒకాయన పరిచయమయ్యారు. ఆయనకి 67, భార్య పోయారు, మందుల షాపు కొడుక్కి అప్పగించేశారు. పోయిన ఏడాది నా కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. అమ్మాయి వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళింది. తర్వాత చుక్కలు నాకు నేనే వేసుకుంటే సగం చెంప మీదే పడేవి. ఈయన నెల రోజులు పూటపూటా వచ్చి చుక్కలు వేసి, క్యాలెండర్ మీద టిక్కు పెట్టి వెళ్ళేవారు. ఇప్పుడు పెళ్ళి చేసుకుందామంటున్నారు, నాకూ ఇష్టమే. పిల్లలకి చెబితే అమ్మాయి "నాన్నని మర్చిపోయావా, మా అత్తగారి ముందు నేను తలెత్తుకోవద్దా" అని ఏడ్చింది. అబ్బాయి "ఇంట్లో నీ వాటా వదులుకుంటున్నట్టు రిలీజ్ డీడ్ మీద సంతకం పెట్టు, తర్వాత నీ ఇష్టం" అన్నాడు. నాది తప్పా? సంతకం పెట్టేయమంటారా?
- పేరు వద్దు

జవాబు: సంతకం పెట్టకండమ్మా. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం, అది మాత్రం వద్దు.

మీవారు వీలునామా రాయకుండా పోయారు, ఆయన తల్లి కూడా లేరనుకుంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఇల్లు మీకూ అబ్బాయికీ అమ్మాయికీ సమానంగా, అంటే మూడింట ఒక వంతు చొప్పున వస్తుంది. మీ వంతు మీకు ఆయన పోయిన రోజే వచ్చేసింది, మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పోయేది కాదు. మీరు బతికున్నంత కాలం దాని మీద పూర్తి హక్కు మీదే. అయితే అబ్బాయి భయం ఉత్తిది కూడా కాదు. పెళ్ళయ్యాక మీరు ఏ కాగితమూ రాయకుండా కన్ను మూస్తే మీ వాటాలో పిల్లలతో పాటు ఆయనకీ భాగం వస్తుంది. దానికి మందు రిలీజ్ డీడ్ కాదు, వీలునామా. నా వాటా నా తర్వాత నా పిల్లలకే అని ఇద్దరు సాక్షుల ముందు రాయండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే గొడవలుండవు. రేపు పరిస్థితి మారితే వీలునామా మార్చుకోవచ్చు, రిలీజ్ డీడ్ రిజిస్టరయ్యాక వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు, మీ ఇంట్లో మీరే చుట్టంలా ఉండాల్సి వస్తుంది. ఆయన్ని కూడా తన ఆస్తి సంగతి ఇలాగే రాసి పెట్టమనండి, ఆయన కొడుక్కీ ఇదే టెన్షన్ ఉంటుంది కదా.

నాకు దిగులుగా ఉన్నది పెన్షన్ గురించి. టీచరు భార్యగా మీకొచ్చే ఫ్యామిలీ పెన్షన్ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోతుంది. గుళ్ళో దండలు మార్చుకుని ఊరుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, వినకండి. పెళ్ళి చేసుకోలేదని కాగితం మీద సంతకం పెట్టేది మీరు, రేపు డబ్బు తిరిగి కట్టమంటే కట్టాల్సిందీ మీరే. కాబట్టి ఆయన్ని కూర్చోబెట్టి, నెలకి ఎంత వస్తుంది, అందులో నా పేరున ఎంత వేస్తారు, మీకేదైనా అయితే నేను దేనితో బతకాలి అని నేరుగా అడగండి. సిగ్గుపడాల్సిన మాట కాదు. మందుల షాపు లెక్కలు చూసుకున్న మనిషికి కోపం రాకూడదు, వస్తే అదీ ఇప్పుడే తెలియడం మంచిది. అంతా విన్నాక, పెళ్ళి వద్దు, ఎవరిళ్ళలో వాళ్ళుండి తోడుగా ఉందాం అని మీ ఇద్దరికీ అనిపిస్తే అదీ తప్పు కాదు. ఊరు ఏదో ఒకటి అంటుంది, ఎలా ఉన్నా అంటుంది.

ఇక తప్పా అని అడిగారు. కాదు. మీ ఊళ్ళోనే 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. అప్పుడు ఆయన పోరాడింది ఇంకా బతుకే మొదలుకాని చిన్నపిల్లల కోసం. అది న్యాయమని ఈరోజు అందరం ఒప్పుకుంటాం, అదే అరవై దాటిన ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి ఇప్పుడెందుకమ్మా అంటాం. భార్య పోయిన మగాయన చేసుకుంటే, పాపం వండిపెట్టే దిక్కుండాలి కదా అని సర్దుకుంటాం. ఆడవాళ్ళకి మాత్రం మనవలున్నారు, గుడి ఉంది, టీవీ ఉంది, ఇంకేం కావాలి అంటాం. నాకు ఉత్తరాలు రాసే ఒంటరి ఆడవాళ్ళలో చాలామంది చెప్పేది ఒకటే, ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాదని, రాత్రి చారు మిగిలితే పొద్దున అదే వేసుకుని తినేస్తున్నామని. మీరు ఆ మాట రాయలేదు గానీ, ఏడేళ్ళుగా మీ వంటగదీ అలాగే ఉండి ఉంటుంది.

అమ్మాయి మీద కోపం పెట్టుకోకండి. ఆ పిల్ల అడిగింది ఆస్తి కాదు, నాన్న. మీకు ఆయన స్థానంలో ఇంకొకరు వస్తున్నారనిపించి ఏడ్చింది. హాల్లో ఉన్న మీవారి ఫోటో ఎక్కడికీ పోదని, ఆబ్దికం ఎప్పటిలాగే జరుగుతుందని తనకి చెప్పండి, ఈయనకి కూడా ఇప్పుడే చెప్పండి. ఫోన్లో కాదు, మనిషిని రప్పించుకుని మాట్లాడండి. అత్తగారి సంగతి అల్లుడుగారు చూసుకోగలరు, ఆయనతో విడిగా ఒక మాట అనండి.

ఎడమ కంటికి ఆపరేషన్ అయిందో లేదో మీరు రాయలేదు. ఇంకా కాకపోతే తేదీ ఖాయం కాగానే అమ్మాయిని పది రోజులు సెలవు పెట్టి రమ్మనండి. ఈయన వేళకి వచ్చి, చేతులు కడుక్కుని, మీ తల కాస్త వెనక్కి వాల్చి ఒక్క చుక్క కూడా చెంప మీదికి జారకుండా ఎలా వేస్తారో పక్కన నిలబడి చూడనివ్వండి. ఆ పది రోజులూ పెళ్ళి మాట ఎత్తకండి.