ఒకే జీన్ పాడైతే ఒక ఈగకి రెక్క పోతుంది, ఇంకోటి గుడ్డులోనే పోతుంది. ఎందుకు?

ప్రశ్న: నల్లగొండలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నా. డ్రోసోఫిలాలో (ల్యాబ్‌లో పెంచే చిన్న ఈగ) వింగ్‌లెస్ జీన్ పాడైతే రెక్కలు రావని ఒకచోట, అదే జీన్ పాడైతే పిండమే చచ్చిపోతుందని ఇంకోచోట చదివా. ఏది నిజం? మా బత్తాయి తోటలో కాయల్ని పాడుచేసే పండు ఈగ కూడా ఇదేనా సార్?
– ఒక విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: రెండూ నిజమేనమ్మా. వింగ్‌లెస్ రెక్కల కోసమే ఉన్న జీన్ కాదు. అది తయారుచేసే ప్రోటీన్‌ని ఒక కణం బయటికి వదిలితే పక్క కణాలు అందుకుంటాయి. అందుకున్న కణంలో, మామూలుగా ఎప్పటికప్పుడు నాశనమైపోయే ఆర్మడిల్లో అనే ప్రోటీన్ నిలబడి, కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జీన్లని పనిలోకి దించుతుంది. పిండం ఒంటి మీద ఖండాలు ఏర్పడేటప్పుడు ఇదే సిగ్నల్, తర్వాత లార్వాలో రెక్కకి చోటు ఖాయం చేసేటప్పుడూ ఇదే.

మీ సాగర్ ఎడమ కాల్వే చూడండి, కాల్వకే గండి పడితే కింద ఆయకట్టంతా ఎండుతుంది, ఒక తూము మూసుకుపోతే దాని కింది పొలాలే ఎండుతాయి. ఇక్కడా అంతే, కాల్వకి గండి పడ్డట్టు ప్రోటీనే తయారుకాకపోతే పిండం బతకదు. 1980లో న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, వీషౌస్ అనే శాస్త్రవేత్తలు చూపించిన ఇలాంటి పిండాల్లో పొట్ట కింద ప్రతి ఖండంలో నున్నగా ఉండాల్సిన భాగం కూడా చిన్న ముళ్లతో నిండిపోయింది (ఈ తరహా పనికే 1995లో నోబెల్ వచ్చింది).

తూము మూసుకుపోయిన రకాన్ని అంతకుముందే, 1973లో, మన ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలో ఆర్.పి. శర్మ బయటపెట్టారు. పరీక్షలో ఈ పేరు ఎవరూ అడగరేమో గానీ గుర్తుపెట్టుకోండి. అందులో ప్రోటీన్ బాగానే ఉంటుంది, రెక్క దగ్గర జీన్‌ని ఆన్ చేసే డీఎన్ఏ ముక్కే పోయింది. కాబట్టి ఈగ బతుకుతుంది, కానీ రెక్క రావాల్సిన చోట వీపు భాగమే అద్దంలో బొమ్మలా ఇంకోటి వస్తుంది, ఎందుకంటే సిగ్నల్ అందని కణాలు ఊరికే కూర్చోవు, ఇంకో దారి పడతాయి. ఇంకో తిరకాసు, ఒకే సీసాలో కొన్నిటికి ఒక రెక్క, కొన్నిటికి రెండూ ఉండవు, కొన్నిటికి రెండూ శుభ్రంగా ఉంటాయి. నాలుగు ఈగల్ని చూసి రికార్డు రాసేయకండి.

మనుషుల్లోనూ ఇదే సిగ్నల్ దారి ఉంది. పెద్దపేగు క్యాన్సర్లలో చాలావాటిలో దీనికి బ్రేకు వేసే ఏపీసీ జీన్ చెడిపోయి ఉంటుంది, అప్పుడు సిగ్నల్ రాకున్నా కణం వచ్చినట్టే నడుచుకుంటుంది.

ఇక తోట సంగతి. అది డ్రోసోఫిలా కాదు, బ్యాక్ట్రోసెరా, ఇంతకంటే బాగా పెద్దది, చెట్టు మీది మంచి కాయకే గుచ్చి గుడ్లు పెడుతుంది. మిథైల్ యూజినాల్ ఎరలు కట్టేది దాని మగ ఈగల కోసం. మీ ల్యాబ్ ఈగ రాలి కుళ్లిన కాయ మీద వాలే రకం, దానికి మందు కొట్టాల్సిన పనిలేదని నాన్నగారికి చెప్పండి.