శిరీష అంటే దిరిసెన పువ్వే

సందేహం: మా మనవరాలికి 'శిరీష' అని పేరు పెట్టాలనుకుంటున్నాం. ఇంటర్నెట్‌లో ఒకచోట 'లక్ష్మీదేవి' అనీ, ఇంకోచోట 'శిరస్సున వెలిగేది' అనీ అర్థం ఇచ్చారు. మా అన్నయ్యేమో అది నిద్రగన్నేరు పువ్వు అంటున్నాడు. ఏది సరైనది? శిరీష, సిరీష, శిరిష – ఎలా రాయాలి? పేరు పాతబడిందని మా కోడలు వెనకాడుతోంది. – ఒక పాఠకురాలు

సమాధానం: శిరీష అంటే దిరిసెనమ్మా. చెట్టుకూ అదే పేరు, పువ్వుకూ అదే పేరు. మీరు చూసిన ఆ రెండు అర్థాలూ పేరును మధ్యకు విరిచి అతికించగా పుట్టినవి.

లక్ష్మి అన్నవారు 'శ్రీ + ఈశ' అనుకుని ఉంటారు. అవి కలిస్తే సవర్ణదీర్ఘం వచ్చి 'శ్రీశ' అవుతుంది. శ్రీకి ఈశుడు, అంటే విష్ణువు. 'శిరః + ఈశ' అని కలిపి చూసినా విసర్గ లోపించి 'శిర ఈశ' దగ్గరే ఆగిపోతుంది, ఆపైన సంధి జరగదు. అన్నిటికీ మించి, ఈశ శబ్దంలో ఉన్నది తాలవ్య శకారం, శిరీష చివర ఉన్నది మూర్ధన్య షకారం. ఆ ఒక్క అక్షరమే రెండు వాదాలనూ కొట్టేస్తుంది.

అమరకోశం 'శిరీషస్తు కపీతనః, భండిలోఽపి' అని ఈ చెట్టుకు మూడు పేర్లు చెప్పింది. శబ్దాన్ని 'శౄ' ధాతువు నుంచి సాధించారు. ఆ ధాతువుకు హింస అని అర్థం ఉండటంతో, చూసినవాళ్లు కొందరు కంగారు పడతారు. అక్కర్లేదు. వ్యుత్పత్తి మాట పుట్టుకను చూపుతుంది, అర్థాన్ని నిలబెట్టేది రూఢి, అంటే జనం వాడుక. రూఢిలో శిరీషానికి సౌకుమార్యం తప్ప మరో స్ఫురణ లేదు.

సంస్కృతంలో చెట్టు పుంలింగం, శిరీషః. పువ్వు నపుంసకలింగం, శిరీషమ్. ఆడపిల్ల పేరైతే శిరీషా. తెలుగులోకి వచ్చేసరికి చివరి దీర్ఘం హ్రస్వమై, లతా లత అయినట్టు, శిరీష అయింది. మగపిల్లలకు పెట్టే శిరీష్ కూడా ఈ మాటే, ఉత్తరాది పలుకుబడిలో చివరి అచ్చు పోయిన రూపం.

ఇక నిద్రగన్నేరు సంగతి. రాత్రిళ్లు రెండు చెట్ల ఆకులూ ముడుచుకుంటాయి, రెండింటి పూలూ కుచ్చుల్లా ఉంటాయి, అందుకే పొరపాటు పడతారు. నిద్రగన్నేరు అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు. దాని పువ్వు గులాబి రంగు, కాయ నల్లగా, మందంగా, లోపల జిగురు గుజ్జుతో ఉంటుంది. దిరిసెన మన నేల చెట్టు, శాస్త్రీయనామం ఆల్బిజియా లెబ్బెక్. పువ్వు లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు, వాడేటప్పుడు పసుపు తిరుగుతుంది. కాయ జానెడు పొడవున, రెండు వేళ్ల వెడల్పున, పలచటి బద్దలా ఉంటుంది. ఎండి గడ్డిరంగు తేలాక, గాలి వీస్తే లోపలి గింజలు గలగలమంటాయి. పిల్ల పేరు కింద ఫొటో పెట్టదలచుకుంటే గులాబి కుచ్చు ఉన్నది మాత్రం తీసుకోకండి.

ఏప్రిల్, మే నెలల్లో ఒక పువ్వు కోసి అరచేతిలో పెట్టుకు చూడండి. రేకులు ఉన్నాయా లేవా అన్నంత చిన్నవి. కంటికి ఆనేదంతా కేసరాలే, పట్టుదారాల్లాంటివి, అంగుళం పైచిలుకు పొడవు. వేలితో నిమిరితే చాలు, వాలిపోతాయి. అంత మెత్తనిది మండుటెండల్లో పూస్తుంది. కవులు దీన్ని పట్టుకోవడానికి కారణం అదే. కాళిదాసు శాకుంతలం మొదట్లో నటి పాడే గ్రీష్మగీతంలో, తుమ్మెదలు ముద్దాడీ ముద్దాడనట్టున్న ఈ పూలను స్త్రీలు సుతారంగా చెవులకు పెట్టుకుంటారు. మేఘసందేశంలో అలకాపురి స్త్రీల చెవిన ఉన్నదీ ఇదే. కుమారసంభవం ఐదో సర్గలో మేనాదేవి తపస్సుకు వెళ్తానన్న కూతురితో, శిరీషం తుమ్మెద కాలు మోపితే ఓర్చుకుంటుంది గాని పిట్ట వాలితే ఓర్వలేదు అంటుంది. పార్వతి వెళ్లనే వెళ్లింది, తపస్సు చేసి నెగ్గింది. ఈ పేరున్న పిల్లకు చెప్పాల్సిన కథ ఇదని నా అభిప్రాయం.

తెలుగులో దీని పీట ఇంకా పెద్దది. మనుచరిత్ర అవతారికలో, అంటే కావ్యం ముందుమాటలో, కృష్ణదేవరాయలు పెద్దనను కావ్యం అడుగుతూ, అతని పలుకులను 'శిరీషకుసుమ పేశల సుధామయోక్తులు' అన్నాడు. శిరీషపువ్వులా మెత్తనివి, అమృతంతో నిండినవి అని.

రాత విషయానికొస్తే, 'శిరీష' ఒక్కటే సాధువు. మొదట శ, నడుమ దీర్ఘం, చివర ష. 'శిరిష' తప్పు. 'సిరీష' నోటి పలుకును బట్టి వచ్చింది, 'సిరి' అన్న మాట కూడా అటు లాగింది. ఇంగ్లిషులో మనవాళ్లు చాలామంది మొదటి శకారానికి ఉత్త ఎస్ రాస్తారు, దాంతో బయటివాళ్లు 'సిరీష' అనే చదువుతారు. సరిగ్గా పలికించాలంటే మొదట్లోనూ ఎస్ పక్కన హెచ్ చేర్చండి. 'రీ'కి ఒక ఐ రాసినా, రెండు ఈలు రాసినా తప్పు లేదు. జనన ధ్రువపత్రంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బడిలో మరోలా రాయిస్తేనే పాస్‌పోర్టు నాడు తిప్పలు. పేరు లేకుండా పుట్టుక నమోదు చేయించి ఉంటే, 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుము కట్టి చేర్పించాలి. కాబట్టి స్పెల్లింగు తేల్చుకున్నాకే వెళ్లండి.

పాతబడిందన్న మాటలో కొంత నిజముంది. ఇప్పుడు ముప్ఫై అయిదు, నలభై దాటిన వారి తరగతుల్లో ఇద్దరు శిరీషలుంటే ఇంటిపేరు కలిపి పిలవాల్సి వచ్చేది. 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షపు అంచు దాకా వెళ్లిన గుంటూరు బిడ్డ బండ్ల శిరీషది కూడా ఆ తరమే. ఇప్పటి చంటిపిల్లల్లో ఈ పేరు అరుదు. మీ మనవరాలి తరగతిలో శిరీష అని పిలిస్తే బహుశా ఆ పిల్లొక్కతే పలుకుతుంది.