పాఠకుల ప్రశ్నలు – జవాబులు: జర్మనీ తిండి, ఊళ్లు, పండుగలు

జర్మనీలో ఉన్నన్నాళ్లూ మీకు బాగా నచ్చినదేమిటని గత సంచికలో విజయనగరం పాఠకుడొకరు అడిగారు. ఏ తిండినైనా దాని కాలం వచ్చేదాకా ఆగి తినడం, ఏ వేడుకనైనా దాని రోజుకే చేసుకోవడం అని క్లుప్తంగా జవాబిచ్చాను. అది చాలలేదంటూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. నేను చదువుకొని, ఆపైన ఉద్యోగం చేసిన ఊరు హాలే. అది జర్మనీ తూర్పు భాగంలో జాలే నది ఒడ్డున ఉంది. అందుచేత ఈ జవాబుల్లో ఆ చుట్టుపక్కల సంగతులే ఎక్కువగా కనిపిస్తాయి.

ప్రశ్న: మా అమ్మాయి నర్సింగు పూర్తిచేసి, జర్మన్ భాష నేర్చుకొని, లైప్‌జిగ్‌లో ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్తోంది. అక్కడ రాత్రిపూట పొయ్యి వెలిగించరనీ, చల్లటి రొట్టెతో సరిపెట్టుకుంటారనీ విన్నాం. వేడి అన్నం లేనిదే ముద్ద దిగని పిల్ల అది. ఎలా నెగ్గుకొస్తుందండీ? — ఒక తల్లి, రాజాం

జవాబు: అమ్మా, మీరు విన్నది చాలావరకు నిజమే. ఈ రోజుల్లో రాత్రి వేడిగా వండుకునే ఇళ్లు పెరిగాయి గానీ, మధ్యాహ్నం వేడి భోజనం, సాయంత్రం ఆరు ఏడు గంటల మధ్య రొట్టె అన్నది అక్కడి పాత అలవాటు. ఆ భోజనాన్ని ఆబెండ్‌బ్రోట్ అంటారు. చల్లటి రొట్టె అనగానే మన బేకరీలో దొరికే మెత్తటి తెల్ల బ్రెడ్డును ఊహించుకొని బెంగపడకండి. ముదురు గోధుమ రంగులో, చేతికి బరువుగా, పైపెంకు కరకరలాడే ఆ రొట్టెకూ దీనికీ పోలికే లేదు. బల్ల మీద ఒక్కొక్కరి ముందు ఒక చిన్న చెక్క పలక పెడతారు. రొట్టెను దాని మీదే ముక్క కోసుకొని, వెన్న రాసి, జున్నో ముల్లంగి చక్రాలో పెట్టుకొని, పక్కన ఉప్పునీటిలో ఊరిన చిన్న దోసకాయలతో తింటారు. వంటింటి హడావిడి లేకపోవడం వల్ల ఇంటిల్లిపాదీ ఒకేసారి కూర్చొని ఆ రోజు సంగతులు చెప్పుకోవడానికి వీలుంటుంది. నాకు ఆ భోజనం మీద ఇష్టం కుదిరింది ముందు ఈ కబుర్ల వల్ల, రుచి వల్ల ఆ తరవాత.

రై అనే ధాన్యంతో చేసే రొట్టెను ముందుగా పులియబెట్టక తప్పదు. రై పిండిలో ఉండే ఎంజైములు కాలేటప్పుడు పిండిపదార్థాన్ని చక్కెరగా విరగ్గొట్టి, రొట్టె లోపలి భాగాన్ని జిగటగా మార్చేస్తాయి. పులుపు వాటిని అదుపులో పెడుతుంది. రాత్రంతా పులిసిన చోడి అంబలికి వచ్చే కమ్మటి పులుపే ఆ రొట్టెలోనూ ఉంటుంది. మీ ఇంట్లో అంబలి తాగే అలవాటుంటే మీ అమ్మాయి నాలుకకు అది పరాయిదిగా తోచదు. వెస్ట్‌ఫాలియాలో చేసే పుంపర్నికెల్ అనే నల్ల రొట్టె సన్నటి సెగ మీద కనీసం 16 గంటలు కాలుతుంది, ఆ నలుపూ తీపీ అలా వచ్చినవే. జర్మన్ రొట్టెల జాబితాలో 3,000కు పైగా రకాలు నమోదయ్యాయి. రొట్టె సంస్కృతిని 2014లో ఆ దేశపు అమూర్త వారసత్వ జాబితాలో చేర్చారు.

లైప్‌జిగ్ ఉన్న సాక్సనీ రాష్ట్రంలో శాకాహారులకు దొరికే గొప్ప భోజనం ఒకటుంది. తొక్కతో ఉడికించిన బంగాళాదుంపలు, క్వార్క్ అనే చిక్కటి పాల పదార్థం, పైన ధారగా పోసిన అవిసె నూనె — ఈ మూడూ వేడివేడి దుంపతో కలిపి తినాలి. లైప్‌జిగ్‌కే ప్రత్యేకమైన ‘లెర్ఖే’ అనే బాదం తీపిని కూడా తినమనండి. ఒకప్పుడు ఆ ఊరివాళ్లు భరత పక్షులను పట్టి వండుకునేవారు. 1876లో సాక్సనీ రాజు ఆ వేటను నిషేధించాక, మిఠాయివాళ్లు ఆ పక్షి పేరుతోనే ఈ తీపిని చేయడం మొదలుపెట్టారు. ఇక బియ్యం, పప్పులు, పచ్చిమిర్చి ఆసియా దుకాణాల్లో దొరుకుతాయి. ఆదివారం దాదాపు దుకాణాలన్నీ మూసి ఉంటాయి కాబట్టి, శనివారమే సరుకులు తెచ్చుకోవాలని మాత్రం ముందుగానే చెప్పి పంపండి.

ప్రశ్న: కాలం వచ్చేదాకా ఆగి తినడమంటే ఏమిటో ఒక్క ఉదాహరణ చెప్పగలరా? — ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: తెల్ల ఆస్పరాగస్. మట్టిని ఎత్తుగా కట్టలు పోసి, ఎండ తగలనీయకుండా పెంచడం వల్ల ఆ కాడలు తెల్లగా వస్తాయి. మొలక నెత్తి మట్టిని పగలదీసిన చోటు చూసుకొని, ఒక్కొక్క కాడనూ చేత్తో తవ్వి కోస్తారు. ఏప్రిల్‌లో రోడ్ల పక్కన అమ్మకపు గుడిసెలు వెలుస్తాయి. జూన్ 24న, సెయింట్ జాన్ పండుగనాడు, కోత ఆపేస్తారు. ఆ తరవాత మొక్క పెరిగి, ఆకు వేసి, మరుసటి ఏడాదికి వేళ్లలో బలం కూడగట్టుకోవాలి. ఆ రెండు నెలలూ ఏ హోటల్‌కు వెళ్లినా ఆ కూరకే విడిగా ఒక పట్టిక ఉంటుంది. బెర్లిన్ దగ్గర బేలిట్స్ అనే ఊరు దీనికి పెట్టింది పేరు. నీలిరంగు ప్లమ్ పళ్ల కేకు వేసవి చివరలోనూ, బాతు వేపుడు నవంబరు 11న సెయింట్ మార్టిన్ పండుగ రోజుల్లోనూ తింటారు. ఆ సాయంత్రం పిల్లలు కాగితపు లాంతర్లు పట్టుకొని పాటలు పాడుతూ వీధుల్లో తిరుగుతారు.

ప్రశ్న: మాది నౌపడ దగ్గరి ఊరు. మా తాతల కాలం నుంచీ ఉప్పు మడుల్లో పనిచేస్తున్నాం. మీరున్న హాలే కూడా ఉప్పు పట్టణమేనని ఎక్కడో చదివాను. అక్కడ సముద్రం ఉందా? — ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: లేదండీ, సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. హాలే ఉప్పు భూమి లోపలిది. ఊరి నడుమనున్న బావుల్లో ఊరే ఉప్పునీటిని తోడి, పెద్ద పళ్లాల్లో పోసి, కింద మంట పెట్టి మరిగించేవారు. మీకు ఎండా గాలీ చేసిపెట్టే పనిని అక్కడ కట్టెలూ బొగ్గూ చేయవలసి వచ్చింది. అందుకే ఆ ఉప్పు అంత ఖరీదై, ఆ ఊరిని ధనవంతుల ఊరిని చేసింది. ఆ పనివారిని హాలోరెన్ అంటారు. వారి సంఘం ఈనాటికీ ఉంది. పండుగ రోజుల్లో గుండ్రటి వెండి బొత్తాలు కుట్టిన పొడవాటి కోట్లు వేసుకొని వారు ఊరేగింపుగా వస్తారు. 1804లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న చాక్‌లెట్ కర్మాగారం ఒకటి ఆ ఊళ్లో ఉంది. అక్కడ తయారయ్యే గుండ్రటి చాక్‌లెట్లకు ఆ బొత్తాల ఆకారమే ఇచ్చారు. పాత ఉప్పు కర్మాగారం ఇప్పుడు ప్రదర్శనశాల. ఒక కులవృత్తికి ఊరంతా ఇంత గౌరవం ఇవ్వడం చూసినప్పుడల్లా, మన నౌపడ ఉప్పు రైతుల చరిత్రను కూడా ఎవరైనా ఇలా ఒక్కచోట చేర్చి చూపిస్తే బాగుండునని నాకు గట్టిగా అనిపించేది.

హాలే పేరు మనం మరవకూడని కారణం మరొకటి ఉంది. మద్రాసులో తెలుగు నేర్చుకొని వెళ్లిన బెంజమిన్ షుల్జ్ అనే మతబోధకుడు 1746లో తెలుగు పుస్తకాన్ని అచ్చు వేయించింది ఆ ఊళ్లోనే. ఆ పని జరిగిన ఫ్రాంకే ధార్మిక సంస్థ 1698లో అనాథ బాలల కోసం కట్టడం మొదలైన ఆవరణ. వంద మీటర్లకు పైగా పొడవున్న కలప చట్రాల భవనంతో అది నేటికీ నిలిచి ఉంది.

ప్రశ్న: మన ఆనంద గజపతి మహారాజు ఆర్థిక సాయంతో మాక్స్ మ్యూలర్ ఋగ్వేదాన్ని రెండోసారి అచ్చు వేశారని విన్నాను. మ్యూలర్ సొంత ఊరు మీరు చూశారా? ఆ ఊరు ఎలా ఉంటుంది? — సంస్కృతం బోధించి రిటైరైన ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: గురువుగారూ, మీరు విన్నది నిజం. సాయణ భాష్యంతో కూడిన ఋగ్వేదం మొదటి ముద్రణకు ఈస్టిండియా కంపెనీ డబ్బిచ్చింది. 1890–92లో నాలుగు సంపుటాలుగా వచ్చిన రెండో ముద్రణకు విజయనగరం మహారాజు పోషకులు. మ్యూలర్ 1823లో పుట్టిన డెస్సౌ హాలేకు దగ్గరే, రైల్లో గంటలోపు ప్రయాణం. నేను చాలాసార్లు వెళ్లాను. ఆయన చిన్ననాటి డెస్సౌను వెతుక్కుంటూ వెళ్తే మాత్రం నిరాశే. 1945 మార్చిలో జరిగిన బాంబు దాడిలో పాత ఊరు దాదాపు నేలమట్టమైంది. 1925లో అక్కడికి తరలివచ్చిన బౌహౌస్ అనే వాస్తు, రూపకల్పన కళాశాల భవనాన్ని తరవాత బాగుచేశారు, దాన్ని చూడడానికే ఎక్కువమంది వస్తారు.

మ్యూలర్ బాల్యంలో ఎలా ఉందో అలాగే మిగిలిన ప్రదేశం కావాలంటే, ఊరికి తూర్పున ఉన్న వోర్లిట్స్ తోటకు వెళ్లాలి. 18వ శతాబ్దంలో ఫ్రాంజ్ అనే రాకుమారుడు చెరువులు, వంతెనలు, పడవ దారులతో దాన్ని వేయించి, చుట్టూ గోడ కట్టకుండా ప్రజలందరికీ విడిచిపెట్టాడు. తోట ఎక్కడ ముగిసి పొలం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. 2000లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి నుంచి ఎల్బే నది గట్టు వెంట నడిస్తే, వరద మైదానాల్లో విడివిడిగా నిలబడ్డ ముసలి ఓక్ చెట్లు, వాటి మధ్య గడ్డిలో కప్పల కోసం నెమ్మదిగా అడుగులేసే కొంగలు కనిపిస్తాయి. జర్మనీ పల్లెసీమ అనగానే నా మనసులో మెదిలేది ఆ గట్టు. మన కోట దగ్గరగానీ, మహారాజా సంస్కృత కళాశాలలోగానీ ఈ రెండు ఊళ్ల బంధాన్ని తెలిపే ఫలకం ఒకటి ఉండాలని నా కోరిక. మీవంటివారు పూనుకుంటే అది జరుగుతుంది.

ప్రశ్న: భోగి మంటల్లాంటివి అక్కడా వేస్తారా? — ఒక గృహిణి, బొబ్బిలి

జవాబు: వేస్తారమ్మా. హార్ట్స్ కొండల పల్లెల్లో ఈస్టర్ ముందటి శనివారం రాత్రి, చలికాలమంతా పోగేసిన కొమ్మలను గుట్టగా పేర్చి ముట్టిస్తారు. అందులో నాకు ఎంతో నచ్చిన పద్ధతి ఒకటుంది. హెడ్జ్‌హాగ్‌లనే చిన్న ముళ్ల జంతువులూ చిన్న పక్షులూ ఆ గుట్టలో దూరి ఉంటాయేమోనని, ముట్టించే ముందు కొమ్మలన్నీ తీసి మరోచోట తిరిగి పేరుస్తారు. ఉత్తరాన సముద్రతీరంలోని నార్త్ ఫ్రీజియాలో ఫిబ్రవరి 21 రాత్రి గట్ల మీద ‘బీకే’ మంటలు వేసి, ఆ తరవాత అందరూ కలిసి కేల్ అనే ఆకుకూరను పొగబెట్టిన మాంసంతో తింటారు. ఆ ప్రాంతానికీ మీకూ ఒక చుట్టరికం ఉంది. 1876లో అక్కడి బ్రెక్లుమ్ అనే పల్లెలో ఏర్పడిన లూథరన్ మిషన్ వారే 1880ల నుంచి జయపురం, కొరాపుట్, మీ పక్కనున్న సాలూరు ప్రాంతాలకు వచ్చి పనిచేశారు.

ప్రశ్న: మాగ్డెబుర్గ్‌లో ఎం.ఎస్. సీటు వచ్చింది. చేతిలో డబ్బు తక్కువ. సెలవు రోజుల్లో చూడదగ్గ ఊళ్లు చెప్పండి. — ఒక విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: బాబూ, ముందు నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ విషయం కనుక్కోండి. 2023 మేలో 49 యూరోలతో మొదలైన ఆ టికెట్ 2025లో 58 యూరోలైంది. దానితో దేశమంతటా ప్రాంతీయ రైళ్లు, సిటీ బస్సులు, ట్రాములు ఎక్కవచ్చు. వేగపు రైళ్లకు అది చెల్లదు. విద్యార్థులకు ఇంకా చౌకగా దొరికే అవకాశం ఉంది, మీ విశ్వవిద్యాలయంలో అడగండి.

మొదట క్వెడ్లిన్‌బుర్గ్ వెళ్లండి, మీకు దగ్గర. 1994 నుంచి ప్రపంచ వారసత్వ స్థలమైన ఆ చిన్న ఊళ్లో వీధులకు వీధులే కలప చట్రాల ఇళ్లు. ఓక్ దూలాలతో చట్రం కట్టి, మధ్యలో కర్రల తడిక అల్లి, గడ్డి కలిపిన బంకమట్టిని దాని మీద మెత్తుతారు. 14వ శతాబ్దపు ఇల్లొకటి అలాగే నిలిచి, ఇప్పుడు ఆ నిర్మాణ పద్ధతిని వివరించే ప్రదర్శనశాలగా ఉంది. ఇళ్ల దూలాల మీద విసనకర్ర ఆకారపు చెక్కడాలు, కట్టిన సంవత్సరం, కొన్నిచోట్ల వడ్రంగి పేరు కూడా కనిపిస్తాయి, తల ఎత్తి నడవండి. అక్కడి నుంచి హార్ట్స్ కొండల్లోకి ఆవిరి ఇంజన్ల చిన్న రైలు నడుస్తుంది. 1,141 మీటర్ల బ్రోకెన్ శిఖరానికి వెళ్లే రైలు టికెట్ ధర ఎక్కువ కనుక, మీరు కుర్రవారు కాబట్టి, నడిచి ఎక్కండి.

రెండోది, బెర్లిన్‌కు ఆగ్నేయంగా ఉన్న స్ప్రేవాల్డ్. నది వందలాది పాయలుగా చీలి అడవిలోకి పారే ప్రాంతమది. లేడే అనే పల్లెకు వేసవి నెలల్లో ఉత్తరాలు పడవ మీదే వస్తాయి. పోస్టుమనిషి పొడవాటి గడతో పసుపు పడవను తోస్తూ ఇంటింటి రేవులో ఆగుతుంది. పైన చెప్పిన ఊరిన దోసకాయలు ఇక్కడివే. వాటి పేరుకు 1999 నుంచి యూరోపియన్ యూనియన్ రక్షణ ఉంది. మ్యూనిక్ బీరు పండుగకు ఖర్చుపెట్టే డబ్బుతో ఇలాంటి ఊళ్లు నాలుగు చూడవచ్చు.

ప్రశ్న: క్రిస్మస్‌కు అక్కడివారు ఇంట్లో ఏం వండుకుంటారు? మనం ఇక్కడ చేసుకోగలిగింది ఏదైనా చెప్పండి. — ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: పండుగకు నాలుగు వారాల ముందే ఆకుపచ్చ కొమ్మల చక్రం మీద నాలుగు కొవ్వొత్తులు పెట్టి, ఆదివారానికొకటి చొప్పున వెలిగిస్తారు. 1839లో హాంబుర్గ్‌లో యోహాన్ వీహెర్న్ అనే పాస్టరు, పండుగ ఎప్పుడొస్తుందని రోజూ అడిగే అనాథ పిల్లల కోసం బండి చక్రానికి కొవ్వొత్తులు అమర్చడంతో ఈ ఆచారం మొదలైంది. డ్రెస్డెన్‌లో 1434 నుంచి జరుగుతున్న క్రిస్మస్ సంతలో ఎండుద్రాక్షలు నింపి చక్కెరపొడి అద్దిన స్టోలెన్ రొట్టె అమ్ముతారు. అయితే 24వ తేదీ రాత్రి చాలా ఇళ్లలో తినేది మాత్రం అతి సాధారణమైన బంగాళాదుంపల సలాడ్, పక్కన సాసేజీలు. చర్చికి వెళ్లిరావాలి, బహుమతులు విప్పాలి కనుక ముందే చేసిపెట్టుకునే వంటకం కావాలి.

దక్షిణాది పద్ధతి మనకు సులువు. కిలో దుంపలను చిదిమిపోకుండా తొక్కతో ఉడికించి, వేడిగా ఉండగానే వలిచి, పలుచని చక్రాలుగా కోయండి. ఒక ఉల్లిపాయను సన్నగా తరిగి, కూరగాయలు ఉడికించిన కప్పు నీటిలో మరిగించి, రెండు మూడు చెంచాల వెనిగర్, చెంచాడు ఆవముద్ద, ఉప్పు, మిరియాల పొడి కలపండి. దాన్ని వేడి దుంపల మీద పోసి మెల్లగా కలపండి. దుంపలు చల్లారితే ఆ రసాన్ని పీల్చుకోవు. పావుగంట తరవాత మూడు చెంచాల నూనె వేయండి. నూనె ముందే వేస్తే దుంపలకు పూతలా పట్టి, రసాన్ని లోపలికి పోనివ్వదు. గంటసేపు మూతపెట్టి ఉంచి, ఫ్రిజ్‌లో పెట్టకుండా అలాగే వడ్డించండి.