తొమ్మిదో తరగతి రసాయన శాస్త్రం: పట్టికలు పక్కన పెట్టి సున్నపురాయితో మొదలుపెట్టండి

అమ్మా, ప్రొద్దుటూరులో తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అబ్బాయి మూలకాల సంకేతాల పట్టిక, సంయోజకతల (ఒక్కో మూలకం ఎన్ని బంధాలు కలుపుకోగలదో చెప్పే అంకెల) పట్టిక గడగడా ఒప్పజెబుతాడు కానీ ఒక్క సమీకరణాన్నీ సొంతంగా తుల్యం చేయలేకపోతున్నాడని, అంటే రెండు వైపులా పరమాణువుల లెక్క సరిపెట్టలేకపోతున్నాడని రాశారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి, ఫౌండేషన్ కోచింగ్‌లో చేర్పించాలా అని అడిగారు. ఎర్రగుంట్ల ప్రాంతంలో ఉన్నత పాఠశాల పిల్లలకు చాలా ఏళ్లు భౌతిక రసాయన శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. మా తరగతుల్లోనూ మీ అబ్బాయిలాంటి పిల్లలే ఎక్కువగా ఉండేవారు. పదార్థాన్ని చూడకముందే పట్టికలు చేతికి రావడం వల్ల వచ్చే చిక్కు ఇది. పిల్లవాడి తెలివిని శంకించకండి.

నా సలహా: పట్టికలను కొన్నాళ్లు పక్కన పెట్టించి, ఒకే పదార్థాన్ని పట్టుకుని దాని వెంట చివరిదాకా నడిపించండి. కడప జిల్లాలో ఉన్నవాళ్లు దాన్ని వెతుక్కోనక్కరలేదు. వాకిట్లో పరిచిన నాపరాయి, వంటగదిలో నల్లటి కడప బండ, తాంబూలంలోకి పూసుకునే సున్నం, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల గనుల్లో తవ్వే రాయి, కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు, అన్నిటి వెనుకా ఉన్నది కాల్షియమే, ముఖ్యంగా సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేట్.

ముందు నాపరాయి ముక్కనొకదాన్ని పొడి చేయించండి. ఆ పొడిని గాజు గ్లాసులో వేసి వెనిగర్ పోయమనండి. వెనిగర్ లేకపోతే నిమ్మరసం చాలు, కాకపోతే చర్య కొంచెం నెమ్మదిగా జరుగుతుంది. సన్నని బుడగలు పైకి లేస్తాయి, చెవి దగ్గర పెట్టుకుంటే చిటపట వినిపిస్తుంది. బుడగలు బాగా వస్తున్నప్పుడు వెలుగుతున్న అగ్గిపుల్లను గ్లాసులోకి దించితే ఆరిపోతుంది. వస్తున్న వాయువు కార్బన్ డయాక్సైడ్. గ్రానైట్ పొడితో ఇదే చేయించండి, బుడగలు రావు. వంటగది బండ మీద నిమ్మచెక్క పెట్టి మరిచిపోతే ఆ చోట మెరుపు ఎందుకు పోతుందో పిల్లవాడికి అప్పుడు ఎవరూ చెప్పనవసరం ఉండదు. నల్లబల్ల మీద రాసే సుద్దముక్కతో మాత్రం ఈ ప్రయోగం చేయించకండి. ఇప్పుడు దొరికేవి చాలావరకు జిప్సంతో చేసినవి, బుడగలు రాకపోతే పిల్లవాడు అయోమయంలో పడతాడు. కోడిగుడ్డు పెంకు అయితే చక్కగా పనిచేస్తుంది.

రెండోది సున్నపు తేట. తాంబూలం సున్నం కొంచెం నీళ్లలో కలిపి, మూత పెట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే పైన తేట నీరు మిగులుతుంది. దాన్ని నెమ్మదిగా వేరే గ్లాసులోకి వంచి, స్ట్రాతో ఊదమనండి. ఊదాలే తప్ప పీల్చకూడదు, పక్కన మీరుండండి. కాసేపటికి తేట పాలలా తెల్లబడుతుంది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి మళ్లీ కాల్షియం కార్బొనేట్‌గా మారడమే ఆ తెలుపు. అక్కడితో ఆపనివ్వకండి. ఇంకా ఊదుతూ పోతే తెలుపు తగ్గి నీరు మళ్లీ తేటపడుతుంది. కార్బొనేట్ కాస్తా నీటిలో కరిగే బైకార్బొనేట్‌గా మారింది. ఆ నీటిని వేడి చేస్తే తెలుపు మళ్లీ కనిపిస్తుంది. మన బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి చారకు ఇదే ప్రధాన కారణం. బెలుం గుహల్లో కప్పు నుంచి వేలాడే రాతి ధారలు ఏర్పడిందీ ఇలాగే, కాకపోతే అక్కడ పొయ్యి లేదు. రాతి గుండా దిగిన నీటిబొట్టు గుహ గాలిలోకి రాగానే కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది, కరిగిన సున్నపురాయి పొరలుగా పేరుకుంటుంది. 3,229 మీటర్ల పొడవైన ఆ గుహలకు వీలున్నప్పుడు పిల్లవాణ్ని తీసుకెళ్లండి. వెళ్లే ముందు ఈ ప్రయోగం చేసి ఉంటే వాడు చూసే చూపే వేరుగా ఉంటుంది.

ఇక లెక్క. తుల్యం చేయడం ఇక్కడే ఒంటబడుతుంది. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిస్తే పొడి సున్నం (కాల్షియం ఆక్సైడ్) మిగులుతుంది, కార్బన్ డయాక్సైడ్ పోతుంది. పరమాణు ద్రవ్యరాశులు (పరమాణువుల బరువులను పోల్చే అంకెలు) కాల్షియంకు 40, కార్బన్‌కు 12, ఆక్సిజన్‌కు 16. రాయిలో ఒక కాల్షియంకు ఒక కార్బన్, మూడు ఆక్సిజన్లు, మొత్తం 100. పొడి సున్నంలో ఒక కాల్షియం, ఒక ఆక్సిజన్, మొత్తం 56. పోయిన వాయువులో ఒక కార్బన్, రెండు ఆక్సిజన్లు, మొత్తం 44. అంటే క్వింటాలు స్వచ్ఛమైన రాయిని కాలిస్తే 56 కిలోల సున్నం చేతికొస్తుంది, 44 కిలోలు గాలిలో కలుస్తుంది. సిమెంటు బట్టీల నుంచి అంత కార్బన్ డయాక్సైడ్ రావడానికి బొగ్గు ఒక్కటే కారణం కాదని, రాయిలోంచే కొంత వస్తుందని ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది.

పొడి సున్నం మీద నీళ్లు పోస్తే బుసబుస పొంగి వేడెక్కుతుంది. ఇది ఉష్ణమోచక చర్య. 56కు నీటి 18 కలిసి 74, అదే తడి సున్నం. గోడకు కొట్టిన తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా తీసుకుని మళ్లీ రాయి అవుతుంది. 74కు 44 కలిపితే 118, రాయి 100, ఆరిపోయే నీరు 18. బయలుదేరిన చోటికే వచ్చాం, ఎక్కడా ఒక్క అంకె తప్పిపోలేదు. ద్రవ్యనిత్యత్వ నియమాన్ని (చర్యలో మొత్తం ద్రవ్యరాశి మారదన్నదాన్ని) నిర్వచనంగా వల్లె వేయించే ముందు ఈ కూడిక పిల్లవాడి చేతే వేయించండి. (పొడి సున్నాన్ని పిల్లలకు తాకనివ్వకండి, ఈ ఒక్క చర్య మాటల్లోనే చెప్పండి. ఏ సున్నమైనా కంట్లో పడితే చాలా ప్రమాదం. పడితే వెంటనే నీళ్లతో చాలాసేపు కడిగి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.)

ఇదే రాయిని తూచి రసాయన శాస్త్రాన్ని ఒక మలుపు తిప్పిన మనిషి ఉన్నాడు. కాల్చిన సున్నం ఒంటికి తగిలితే మండటానికి కారణం అది బట్టీలోని నిప్పును మింగడమేనని ఒకప్పుడు పండితులు నమ్మేవారు. స్కాట్లాండ్‌కు చెందిన జోసెఫ్ బ్లాక్ త్రాసును నమ్ముకుని, కాల్చినప్పుడు రాయి ఏదీ చేర్చుకోవడం లేదని, ఒక వాయువును కోల్పోతోందని చూపించాడు. ఆ పరిశోధన 1756లో అచ్చయింది. ఫ్రెంచి శాస్త్రవేత్త లవోయిజర్ ద్రవ్యనిత్యత్వాన్ని తన గ్రంథంలో స్పష్టంగా చెప్పింది 1789లో. పాఠంలో లవోయిజర్ పేరు వచ్చినప్పుడు దాని ముందు ఈ సున్నపురాయి కథ చెప్పండి.

తుల్యం చేయడానికి గింజలు తీసుకోండి. కాల్షియంకు చింతపిక్క, కార్బన్‌కు మిరియం, ఆక్సిజన్‌కు వేరుశనగ గింజ, హైడ్రోజన్‌కు పెసరగింజ, క్లోరిన్‌కు శనగ. ఎడమ వైపు ఒక చింతపిక్క, ఒక మిరియం, మూడు వేరుశనగలు పెట్టించండి. వాటినే కుడి వైపుకు జరిపి, పిక్కతో ఒక వేరుశనగను, మిరియంతో రెండు వేరుశనగలను జత చేయమనండి. ఏదీ మిగలదు, ఏదీ చాలకపోదు. సున్నం చర్యలు మూడూ ఇలా వాటంతట అవే తుల్యమవుతాయి, అందుకే వాటితో మొదలుపెట్టమంటున్నాను.

తర్వాత నాపరాయి మీద బాత్రూము యాసిడ్ పడిన చర్యను గింజలతో వేయించండి. ఆ యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అంటే ఒక పెసరగింజకు ఒక శనగ. కుడి వైపు కాల్షియం క్లోరైడ్, నీరు, కార్బన్ డయాక్సైడ్ రావాలి. పిల్లవాడు పిక్క పక్కన ఒక్క శనగ పెట్టి ఆగుతాడు. సంయోజకత అవసరం సరిగ్గా అప్పుడే వస్తుంది. కాల్షియం సంయోజకత 2, క్లోరిన్‌ది 1, కాబట్టి పిక్కకు రెండు శనగలు కావాలి. రెండో శనగ ఒంటరిగా రాదు, తన పెసరగింజను వెంటబెట్టుకుని వస్తుంది. అంటే ఆమ్లం రెండు అణువులు కావాలి. ఆమ్లం ముందు రాసే 2 అదే. ఆ రెండు పెసరగింజలు నీటి అణువుకు సరిపోతాయి. నా అనుభవంలో చాలామంది పిల్లలకు సమీకరణం పట్టుబడింది ఈ ఒక్క చర్య దగ్గరే.

సాంకేతికంలో (పదార్థాన్ని సంకేతాలతో రాసే రూపంలో, నీటికి H₂O లాగా) కింద ఉండే చిన్న అంకెను తుల్యం కోసం ఎన్నటికీ మార్చకూడదు. ముందున్న అంకెను మాత్రమే మార్చాలి. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యే చర్యలో ఆక్సిజన్ ఒకటి తగ్గిందని నీటి సాంకేతికంలో ఆక్సిజన్ కింద 2 చేర్చే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. లెక్క సరిపోతుంది కానీ అది నీరు కాదు, పుండ్లు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. ఇది చెప్పాక ఆ పొరపాటు మళ్లీ చేసేవాళ్లు అరుదు. నీరు నీరుగానే ఉండాలి, అందుకే రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు, రెండు నీటి అణువులు.

ఆమ్లాలు, క్షారాలకు వచ్చేసరికి ఇంట్లో దిష్టి తీసే ఎర్రనీళ్లు చాలు. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎరుపెక్కడం మీ అబ్బాయి చూసే ఉంటాడు. ఆ ఎరుపులోకి నిమ్మరసం చుక్కచుక్కగా పిండమనండి. ఒక దశలో పసుపురంగు తిరిగి వస్తుంది. సూచిక (రంగు మారి ఆమ్లమో క్షారమో చెప్పేది), తటస్థీకరణం (ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి అణచుకోవడం) రెండూ ఆ గ్లాసులోనే ఉన్నాయి.

ఇంత అయ్యాక పట్టికలు మళ్లీ తీయండి, మొదటి ఇరవై మూలకాలు చాలు. ఓబులవారిపల్లె మండలం మంగంపేట ముగ్గురాళ్ల గురించి విని ఉంటాడు కదా, అది బేరియం సల్ఫేట్. బేరియంకు కాల్షియంలాగే సంయోజకత 2, సల్ఫేట్‌కూ 2. దాని సాంకేతికం ఎవరి సాయం లేకుండా రాయమనండి. రాసి, కింద 2, 2 వేయకుండా ఎందుకు వదిలాడో చెప్పగలిగితే సంయోజకత వచ్చినట్టే.

కోచింగ్ సంగతి: ఈ ఏడాది వద్దు. అక్కడ మోల్ (పదార్థంలోని కణాల సంఖ్యను కొలిచే ప్రమాణం) లెక్కలతో మొదలుపెడతారు, వంద రాయి యాభై ఆరు సున్నం ఎందుకయిందో తెలియని పిల్లవాడికి అవి మరో పట్టికగా మిగులుతాయి. అందుకు బదులు బడిలోని మాస్టారును అడిగి ఆమ్లాన్ని, క్షారాన్ని రంగుతో చూపే లిట్మస్ కాగితాలు కొన్ని ఇప్పించండి, అడిగితే సంతోషంగా ఇస్తారు. గింజలతో ఏ చర్య దగ్గరైనా ఆగిపోతే, ఎడమ వైపు ఏవి పెట్టాడో, కుడి వైపు ఏవి మిగిలాయో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.