లిబర్టేరియన్ గ్రూపులు కన్జర్వేటివ్‌ల వైపు ఎందుకు ఒరుగుతాయి?

అమెరికాలో ప్రభుత్వం ఎవరి జీవితంలోనూ వేలు పెట్టకూడదనే లిబర్టేరియన్లు, కొన్నాళ్లకు కన్జర్వేటివ్‌లలా ఎందుకు మాట్లాడతారని ఒకరు అడిగారు. నేను ఇక్కడ ఉద్యోగం వీసా మీద ఉన్న రోజుల్లో అలాంటి ఒక చిన్న గ్రూపు మీటింగులకు చాలాకాలం వెళ్లాను. (ఓటు లేకపోయినా వాదించడానికి ఎవరూ అడ్డుచెప్పరు కదా!)

పన్నులు, తుపాకులు, ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) మీద అందరిదీ ఒకటే మాట. గంజాయి మీద కూడా పెద్ద గొడవ ఉండేది కాదు. పేచీ అంతా ఇమిగ్రేషన్ దగ్గరే. ఒక యజమాని తనకు నచ్చిన మనిషిని పనిలో పెట్టుకుంటానంటే మధ్యలో ప్రభుత్వానికేం పని అని అడిగాను. అప్పటిదాకా ఫ్రీ మార్కెట్ గురించి ఊదరగొట్టిన పెద్దమనిషి ‘అది వేరు, ముందు మన సంస్కృతి నిలబడాలి’ అన్నాడు. కోపంగా కూడా కాదు, చాలా మర్యాదగా.

ఇది పాత తగువే. సోవియట్ కమ్యూనిజం ఎదురుగా ఉన్నన్నాళ్లూ రెండు వర్గాలూ కలిసి నడిచాయి. ఫ్రాంక్ మేయర్ లాంటి కన్జర్వేటివ్ రచయితలు ఆ పొత్తుకు సిద్ధాంతం కూడా రాశారు. 1969లో సెయింట్ లూయిస్‌లో కన్జర్వేటివ్ యువజన సంఘం మహాసభలో నిర్బంధ సైనిక సేవను వ్యతిరేకిస్తూ ఒకరు డ్రాఫ్ట్ కార్డు (ఆ సేవకు పేరు నమోదైనట్టు ఇచ్చే కార్డు) తగలబెడితే అక్కడే తోపులాట జరిగింది. 1971లో అధ్యక్షుడు నిక్సన్ జీతాలు, ధరలు స్తంభింపజేశాక, ఆ ఏడాది చివర్లో లిబర్టేరియన్ పార్టీ పుట్టింది.

నేను చూసినంతలో కన్జర్వేటివ్‌లు వాదనలో నెగ్గడం తక్కువ. ‘ఈ విషయం ఎత్తితే మనలో మనకే చీలిక’ అంటారు, ఆ విషయం అక్కడితో ఆగిపోతుంది. 2022 మే చివర్లో లిబర్టేరియన్ పార్టీ రీనో మహాసభలో గెలిచిన మీసెస్ కాకస్ (పార్టీలో కన్జర్వేటివ్‌ల వైపు మొగ్గే వర్గం) హయాంలో, అబార్షన్ విషయంలో ప్రభుత్వం జోక్యం చేసుకోకూడదన్న అంశాన్ని పార్టీ ప్లాట్‌ఫాం (విధాన పత్రం) నుంచి తీసేశారు. నెల తిరక్కముందే అబార్షన్‌ను హక్కుగా గుర్తించిన పాత రో తీర్పును సుప్రీంకోర్టు కొట్టేసింది. సరిగ్గా మాట్లాడాల్సిన సమయానికి ప్లాట్‌ఫాంలో ఆ మాటే లేదు.

అలాగని అందరూ లొంగిపోయారనీ చెప్పలేం. 2024 మేలో పార్టీ మహాసభకు ట్రంప్ వచ్చి ఓట్లడిగితే సభలో చాలామంది కేకలేసి గేలి చేశారు. మర్నాడు ఏడు రౌండ్ల ఓటింగ్ తర్వాత చేజ్ ఆలివర్‌ను తమ అధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్నారు. కానీ ఆయనకు దేశం మొత్తం మీద అర శాతం ఓట్లు కూడా రాలేదు. మరోవైపు, ఆ సభలోనే, సిల్క్ రోడ్ అనే ఆన్‌లైన్ డ్రగ్స్ మార్కెట్ నడిపి జీవితఖైదు పడ్డ రాస్ ఉల్‌బ్రిక్ట్ శిక్ష తగ్గిస్తానని ట్రంప్ మాటిచ్చాడు, 2025 జనవరిలో ఏకంగా క్షమాభిక్షే ఇచ్చాడు. బేరం పెట్టినవాళ్లకు దక్కింది అది, సూత్రం పట్టుకున్నవాళ్లకు ఆ అర శాతమూ దక్కలేదు.

అందుకే పొత్తులే వద్దని నేననను. జైలు శిక్షల సంస్కరణ లాంటి ఒక్కో విషయానికి కన్జర్వేటివ్‌లతో ఇప్పటికీ కలిసి పనిచేస్తాను. ఆ గ్రూపుకు మాత్రం వెళ్లడం మానేశాను. వీసా ఉన్నవాడు అడిగే ప్రశ్నకు అక్కడ ప్రతిసారీ ‘తర్వాత చూద్దాం’ అనే జవాబే వచ్చేది.